నీళ్లు మోసిన బరువు

రాజుగారి ధాన్యం పడవల మీద వచ్చే కాలంలో, ఒక ఏటి రేవులో గవరయ్య ఇంకొక మనిషితో కలిసి పడవలను ఒడ్డుకు లాగేవాడు. కొత్తగా వచ్చిన రేవు అధికారి శేషాచలపతి ఆ రెండో మనిషిని మాన్పించేశాడు.

"బరువంతా నీళ్లే మోస్తుంటే ఇద్దరెందుకయ్యా?" అన్నాడు.

నెల తిరిగేసరికి గవరయ్య నడుం పట్టేసింది. అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్లు వంగలేదు. అతని భార్య పైడమ్మ ముద్దలు కలిపి తినిపించి, నేరుగా అధికారి దగ్గరికి వెళ్లింది.

"బాబుగారూ, రేవులో తేలుతున్న ఆ రెండు పడవల్లో ఒకటి ఖాళీది, ఒకటి ధాన్యంతో నిండినది. కళ్లు మూసుకుని తోసి, ఏది నిండుదో చెప్పగలరా?"

అధికారి నవ్వుతూ కళ్లకు కండువా కట్టుకుని మొదటి పడవను తోశాడు. అది సర్రున కదిలింది. రెండోది ఎంత తోసినా మొరాయించింది.

"ఇదే నిండుది!" అన్నాడు ఆయాసపడుతూ.

"దాని బరువు నీళ్లు మోస్తున్నాయి కదా, మీకెలా తెలిసింది బాబూ?"

అధికారి కండువా విప్పి పడవకేసి చూశాడు.

"బరువు నీళ్లు మోస్తాయి గానీ లోపలి సరుకు ఎక్కడికీ పోదు. కదలమన్నా మొండికేస్తుంది, కదిలాక ఆగమన్నా మొండికేస్తుంది. ఆ మొండితనంతో మా ఆయన ఒక్కడే పెనుగులాడుతున్నాడు" అంది పైడమ్మ.

అధికారి ఎర్రబడిన తన అరచేతులు చూసుకున్నాడు. మానిపించిన మనిషిని ఆ పూటే పిలిపించాడు. గవరయ్య కోలుకునేదాకా అతని బదులు మరొకరిని పెట్టాడు.

సంగతి విన్న గవరయ్య, "అంత పెద్దాయన్ని అడగడానికి భయమెయ్యలేదటే?" అన్నాడు.

"ఎందుకెయ్యలేదు మావా? నిన్నిలా చూస్తూ కూర్చోడం కన్నా అదే నయమనిపించింది" అంది పైడమ్మ, అతని నడుముకు కాపడం పెడుతూ.