గోడకు పూసిన పూత

వామనమూర్తి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు చెప్పులు వేసుకుంటారు, తర్వాత "పద, ఓ చోటికి వెళ్ళొద్దాం" అంటారు. కాకినాడలో ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీర్లందరికీ ఈ సంగతి తెలుసు గనక, కాళ్ళు నొప్పిగా ఉన్న రోజున ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు.

శిష్యుల్లో హరనాథ్ అనే అతను ఒక ఆదివారం పొద్దున అడగనే అడిగాడు. గురుశిష్యులిద్దరూ ఇళ్ళ మరమ్మతుల గురించి చెరో బ్లాగు రాస్తారు. హరనాథ్ దాదాపు రోజూ రాస్తాడు, ఫొటోలు పెడతాడు, శీర్షికలు చూస్తేనే చదవాలనిపిస్తుంది. మొదట్లో జనం విరగబడి చదివారు, తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దాయన ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు నాలుగు ముక్కలు రాస్తారు. ఆయన పాఠకులు మాత్రం ఏళ్ళ తరబడి ఆయన్నే పట్టుకుని ఉన్నారు. ఇది హరనాథ్‌కు మింగుడు పడలేదు. బ్లాగు పదికాలాలు నిలవాలంటే ఏం చేయాలండీ అని అడిగాడు. ఆయన చెప్పులు వేసుకున్నారు.

వెళ్ళింది నూకరత్నం అనే ఆవిడ ఇంటికి. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఫలానా బ్లాగు రాసే హరనాథ్ ఇతనేనని పెద్దాయన చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఉన్న ఒక్క మంచి కుర్చీ తుడిచి అతనికే వేసింది. ఆ తర్వాత బట్టల బీరువా పక్కకి జరిపి గోడ చూపించింది. గోడంతా నిమ్మెక్కి పెచ్చులు లేచిపోయింది. బీరువాలో పెట్టిన ఒక పెళ్ళివారి పట్టుచీరకు బూజు మరకలు పడ్డాయట. ఆ మాట వీధంతా పాకి, కుట్టడానికి ఇచ్చిన బట్టలు ఒక్కొక్కరే వెనక్కి పట్టుకుపోతున్నారట.

"మీరు రాసినట్టే లోపలంతా గీకి, నిమ్ము ఆగడానికి పూత వేశానండి. ఆగకపోతే మళ్ళీ వేశాను. గీకడంలో నేనే ఎక్కడో తప్పు చేసుంటాను. అదేదో చెప్తే ఈసారి జాగ్రత్తగా చేసుకుంటానండి," అంది.

ఇదే సంగతి అతని బ్లాగు కింద కూడా అడిగిందట. జవాబు రాకపోతే, పాపం పనుల్లో ఉంటారు కదా అనుకుని పెద్దాయనకు రాసిందట. హరనాథ్‌కు ఆ ప్రశ్న గుర్తుంది. దాని పైనా కిందా ఉన్న మెచ్చుకోళ్ళకు వరసగా ధన్యవాదాలు చెప్పి, మధ్యలో దాన్ని దాటేశాడు. దాటేయడానికి కారణం కూడా అతనికి గుర్తుంది. ఆ పూత పనికిరాదని అప్పటికే వేరే ఇంట్లో గోడ పగలగొట్టి కళ్ళారా చూశాడు. కానీ అతను రాసినవాటిలో జనం అన్నిటికన్నా ఎక్కువ చదివేది అదే. దాని మీద ఇది తప్పని తన చేత్తో తనే రాసుకోవడం తల కొట్టేసినట్టు అనిపించి, తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

గురువుగారు మాట అందుకుంటారేమోనని అటు చూశాడు. ఆయన కుట్టుమిషను వంక తదేకంగా చూస్తున్నారు, అదేదో కొనబోతున్నట్టు.

"మీ చేతిలో తప్పేం లేదండి," అన్నాడు హరనాథ్ చివరికి. "నేను రాసిందే తప్పు. గోడకి అవతల మీ స్నానాలగది గొట్టం కారుతున్నట్టుంది. ముందు అది ఆపాలి. అది ఆపకుండా పూత వేస్తే నీళ్ళు గోడలోనే ఉండిపోతాయి."

"తప్పని మీకు ఎప్పుడు తెలిసిందండి?" అని అడిగింది ఆవిడ.

ఇప్పుడే తెలిసిందనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. "పోయినేడు," అన్నాడు తలెత్తకుండా. ఆవిడ పూత వేసింది ఈ ఏడు వానలకు ముందు.

ఆవిడ తిడితే బాగుండునని హరనాథ్‌కు ప్రాణం కొట్టుకుంది. గొట్టం నేనే మనిషిని పెట్టి బాగు చేయిస్తానన్నాడు. "వద్దులెండి, మాకు తెలిసినవాళ్ళున్నారు," అంది మర్యాదగానే. టీ కూడా ఇచ్చింది. అంత చిన్న గదిలో ఎక్కడ కూర్చున్నా గోడ కనబడుతూనే ఉంది.

వీధిలోకి వచ్చాక హరనాథ్ ఫోను తీశాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఆ దిక్కుమాలిన రాత ముందు తీసి పారేస్తానన్నాడు.

వామనమూర్తి గారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"తీసేస్తే, పూత వేసినా నిమ్ము ఆగనివాళ్ళు మళ్ళీ ఎక్కడికొచ్చి చూసుకుంటారయ్యా? తప్పేమిటో దాని పైనే రాయి," అన్నారు.