బసవపున్నయ్య ఇంట్లో లేని గేదె

చింతగుంటపాడులో బసవపున్నయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. వాళ్ళ తాత సంగతి వింటే మీకే తెలుస్తుంది. దొంగలొస్తే తాళం పగలగొడతారని, బంగారం లాంటి తాళం పాడైపోతుందని, ఆయన రోజూ తలుపు బార్లా తీసిపెట్టి, తాళాన్ని దిండు కింద దాచుకుని పడుకునేవాడు. ఇల్లంతా ఊడ్చుకుపోయారు గాని తాళం మాత్రం దక్కింది. ఆ తాళం ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో ఉంది. వచ్చినవాళ్ళకి చూపిస్తారు.

అలాంటి తాతకి మనవడు బసవపున్నయ్య. అతనికి తమ్ముడు సింగరయ్య, భార్య వజ్రమ్మ. ముగ్గురికీ కలిపి ఒకే ఒక్క గేదె. పేరు చుక్కి. చుక్కి పాలిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళ గుమ్మం ముందు జీపు ఆగింది. అందులోంచి డాక్టరు భుజంగరావు దిగాడు. పట్నం అవతల ఎత్తయిన గోడ, గోడ మీద ముళ్ళ తీగ ఉన్న సర్కారు లాబు ఒకటి ఉంది. ఆయన అందులో పెద్ద శాస్త్రజ్ఞుడు. ఆ గోడ లోపల ఏం చేస్తారో బయటివాళ్ళకి తెలియదు. లోపలివాళ్ళకైనా తెలుసా అంటే, అది అంతకన్నా పెద్ద రహస్యం.

"మా ప్రయోగానికి మీ ఇంటిని ఎంచుకున్నాం" అన్నాడు భుజంగరావు.

"ఎంచుకోరూ మరి!" అన్నాడు బసవపున్నయ్య, ఆశ్చర్యమేమీ లేకుండా.

భుజంగరావు నల్లటి తోలు పట్టా ఒకటి తీసి చుక్కి మెడకి కట్టాడు. గొడ్లచావిడి గోడకి ఒక డబ్బా బిగించాడు. "ఈ పట్టా గేదె ఒంట్లో సంగతులన్నీ మా లాబుకి పంపిస్తుంది. అక్కడ కంప్యూటరు ఆలోచించి, గేదెకి ఆకలి వేసిందని తేలిస్తే ఈ డబ్బాలో ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు మీరు మేత వెయ్యాలి" అన్నాడు.

"ఆకలేస్తే అదే అరుస్తుంది కదయ్యా?" అంది వజ్రమ్మ.

"అరుపు శాస్త్రీయం కాదమ్మా" అన్నాడాయన.

తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది దేశ రహస్యం. ఎవరడిగినా మీకు గేదె లేదని చెప్పండి. చెప్పడం కాదు, అసలు గేదె లేదనే అనుకోండి. రహస్యం బయటపడిందా, గేదెని సర్కారు తోలుకుపోతుంది. బయటపడకపోతే గేదె మీదే. నాదీ మాట."

"ఇప్పుడు మాత్రం మాది కాదాండీ?" అన్నాడు సింగరయ్య.

"మీదే. కాకపోతే ఇకనుంచి లేదు."

ముగ్గురికీ తేటతెల్లంగా అర్థమైంది. అంతే, జీపు వెళ్ళిపోయింది, గేదె కూడా లేకుండా పోయింది.

కాసేపటికి టీకొట్టు మస్తాను పాల చెంబు పట్టుకుని వచ్చాడు. "బసవన్నా, పాలు పొయ్యి."

"పాలెక్కడివి? మాకు గేదె లేదు."

చావిట్లోంచి చుక్కి అరిచింది.

"మరి ఆ అరుపేంటన్నా?"

బసవపున్నయ్య తడుముకోలేదు. "మా తమ్ముడు."

"సింగరయ్య నీ పక్కనే ఉన్నాడుగా!"

"పక్కనే ఉన్నాడు కాబట్టే అంత గట్టిగా వినపడుతోంది."

మస్తాను సింగరయ్య మూతి వంక చూశాడు. ఇంకేముంది, సింగరయ్య మెడ చాచి, కళ్ళు పెద్దవి చేసి, "అంబేయ్" అని ఒక్క అరుపు అరిచాడు. మస్తాను చెంబు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఆ రోజునుంచి చుక్కి ఎప్పుడు అరిస్తే అప్పుడు సింగరయ్య వీధిలోకొచ్చి అరవాల్సి వచ్చింది. అన్నం తింటున్నా, గడ్డం గీయించుకుంటున్నా సరే, చేతిలో పని వదిలేసి అరవడమే.

సాయంత్రం వజ్రమ్మ పాలు పితికి, నిండు బిందెతో వచ్చి నిలబడింది. "ఏమయ్యా, వీటినేం చెయ్యను? అమ్మితే గేదె ఉందంటారు."

"తాగేద్దాం వదినా" అన్నాడు సింగరయ్య.

"లేని గేదె పాలు కడుపులోకి పోతే నిలుస్తాయిరా? నువ్వు కూడా లేకుండా పోగలవు" అన్నాడు బసవపున్నయ్య. బాగా ఆలోచించాడు. "ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కడికే పంపించు."

అంతే. వజ్రమ్మ పాలన్నీ కుడితి గోలెంలో పోసి చుక్కి చేతే తాగించింది. పితకడం, తాగించడం. మళ్ళీ పితకడం, మళ్ళీ తాగించడం. ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. ముగ్గురూ ఉల్లిపాయలు కొరుక్కుంటూ, రహస్యం ఎంత బాగా దాచామో అని మురిసిపోయారు.

మర్నాడు బసవపున్నయ్యకి ఇంకో తెలివైన సందేహం వచ్చింది. "ఒరే, గేదె లేదనుకున్నప్పుడు దాని మెడలో పట్టా ఎట్లా నిలుస్తుందిరా? చూసినవాడికి అనుమానం రాదూ?"

"వస్తుంది అన్నయ్యా."

"ఊళ్ళోవాళ్ళ లెక్కలో అరిచేది నువ్వు. పట్టా కూడా నీకే ఉండాలి."

ఇంకేముంది, పట్టా ఊడదీసి తమ్ముడి మెడకి బిగించి, పైన కండువా కప్పాడు. లాబులో కంప్యూటరుకి ఏమీ తేడా తెలియలేదు. కోట్లు పోసి చేసిన యంత్రం మరి! సింగరయ్యకి ఆకలేస్తే ఎర్రదీపం వెలుగుతుంది, వజ్రమ్మ పరిగెత్తి చుక్కికి గడ్డి వేస్తుంది. సింగరయ్య ఎవరింట్లోనో గోంగూర కలుపుకుని పీకలదాకా తింటే, దీపం ఆరిపోతుంది, చుక్కి పస్తుంటుంది.

"పక్కటెముకలు బయటికొచ్చాయయ్యా, నోరు తెరిచి అరుస్తోంది, కాస్త గడ్డి వెయ్యనా?" అంది వజ్రమ్మ.

"గేదెకేం తెలుసే దాని ఆకలి సంగతి? అక్కడ అంత చదువుకున్నవాళ్ళు కూర్చుని చూస్తుంటేనూ!"

పది రోజులకి భుజంగరావు వచ్చాడు. చావిట్లోకి వెళ్ళి, చుక్కికి వీపు తిప్పి నిలబడి, డబ్బాలోంచి పొడుగాటి కాగితం లాగి చదువుకున్నాడు. మొహం వెలిగిపోయింది. వెనకాల చుక్కి ఆయన కోటు అంచు నములుతోంది. ఆకలికి అది పట్టా తోలైనా నమిలేదే, కోటు దొరికింది.

"అద్భుతం! ఇంత ఆరోగ్యమైన గేదెని నేను చూడలేదు" అన్నాడు. నిజమే, అప్పుడు కూడా చూడలేదు. "మధ్యాహ్నం భోజనం కాగానే గుర్రుపెట్టి నిద్రపోతోంది. కాని మొన్న ఆదివారం దీని గుండె దడదడలాడింది. ఎందుకంటారు?"

"పేకాటలో ఓడిపోయిందండీ" అన్నాడు బసవపున్నయ్య.

"ఎవరు?"

"గేదేనండీ."

సింగరయ్య కండువా సర్దుకుని తల దించుకున్నాడు. భుజంగరావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కాగితం చూశాడు. యంత్రం అబద్ధం చెప్పదు. "ఇది ఇంకా పెద్ద రహస్యం. పొరుగు దేశాలకి తెలిస్తే కొంప మునుగుతుంది. జాగ్రత్త!" అని కోటు లాక్కుని పరిగెత్తాడు.

జాగ్రత్త అన్నాక ఊరుకుంటారా? గేదె లేని ఇంట్లో కట్టుకొయ్య ఎందుకని కొయ్య పీకేశారు. పలుపు తాడు ఎందుకని తీసి దాచేశారు. పేడ కనపడకూడదని వజ్రమ్మ తన పెళ్ళి పెట్టెలో పట్టుచీర మడతల మధ్య దాచింది. చుక్కి చావిట్లో స్వేచ్ఛగా నిలబడి, ఇదేం ఇల్లురా బాబూ అన్నట్టు ముగ్గురి వంకా చూసింది.

ఆ మధ్యాహ్నమే ఇంకో జీపు వచ్చింది. రహస్యం సరిగ్గా దాస్తున్నారో లేదో రహస్యంగా చూసిపోవడానికి రాజధాని నుంచి తనిఖీ అధికారి దిగాడు. ఈయన వస్తున్నట్టు భుజంగరావుకి చెప్పలేదు. కోటు గుండీ వెతుక్కోవడానికి భుజంగరావు వెనక్కొచ్చినట్టు ఈయనకి తెలియదు. ఇద్దరూ వాకిట్లో ఎదురుపడ్డారు.

"మీరెవరు?" అన్నాడు తనిఖీ అధికారి.

"అది రహస్యం. మీరెవరు?"

"అది ఇంకా రహస్యం. ఈ ఇంట్లో గేదె ఉందా?"

"గేదె అంటే ఏమిటి?" అన్నాడు భుజంగరావు, నిబ్బరంగా.

సరిగ్గా అప్పుడే చుక్కి చావిట్లోంచి బయటికి నడిచింది. ఆపడానికి కొయ్య లేదు, తాడు లేదు. ఇద్దరు అధికారుల మధ్య నుంచి దారి చేసుకుని పోయింది. ఆయన అటు జరిగాడు, ఈయన ఇటు జరిగాడు. ఇద్దరూ ఆకాశం వంక చూశారు.

"మబ్బు పట్టింది" అన్నాడొకాయన.

"పట్టింది" అన్నాడు రెండో ఆయన.

బసవపున్నయ్య ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. అదిలించి వెనక్కి తోలితే గేదె ఉందని ఒప్పుకున్నట్టే. తోలకపోతే పోతుంది. చేతులు కట్టుకుని నిలబడి, తన బతుకుదెరువు తోక ఊపుకుంటూ వీధి మలుపు తిరగడం చూశాడు. తనిఖీ అధికారి అతని భుజం తట్టి, "ఈ ఇంట్లో గేదె లేదు. చాలా సంతోషం" అని జీపెక్కాడు. భుజంగరావు కూడా గుండీ దొరక్కుండానే పోయాడు.

ఇంకేముంది, చుక్కి నేరుగా వెళ్ళి పేరిరెడ్డి మిరపతోటలో పడింది. పేరిరెడ్డి దాన్ని పట్టి కట్టేసి, మండిపడుతూ వచ్చాడు. "ఏం బసవా, మీ గేదె నా తోటంతా తొక్కేసింది. వచ్చి తోలుకుపోతావా, బందెలదొడ్డికి తోలమంటావా?"

బసవపున్నయ్యకి ఏడుపొచ్చింది. నాది అంటే సర్కారు తోలుకుపోతుంది. నాది కాదంటే దొడ్డికి పోతుంది. ఎటు చూసినా గేదె పోయేట్టే ఉంది. అప్పుడు తాత తెలివి అతని నెత్తికెక్కింది.

"పేరిరెడ్డీ, మాకు గేదె లేదు. గేదె లేనివాడు గేదెని కొనుక్కోవచ్చా, కూడదా?"

"కొనుక్కోవచ్చు."

"అయితే నీ దగ్గరున్న ఆ గేదెని నాకియ్యి. మా గడ్డివామి, ఎడ్లబండి నువ్వు తీసుకో."

పేరిరెడ్డి అతని మొహం వంక చూశాడు. నవ్వాలో తిట్టాలో తెలియక, "నీ కర్మ" అని తన ఎడ్లని కట్టి బండి తోలుకుపోయాడు. గడ్డి కూడా దాని మీదే వేసుకుపోయాడు.

చుక్కి ఇంటికొచ్చింది. బసవపున్నయ్య ఛాతీ విరుచుకుని చెప్పాడు. "ఇప్పుడు మనకి రెండు గేదెలు. ఒకటి సర్కారు వారి లేని గేదె. రెండోది మనం కొనుక్కున్న ఉన్న గేదె. దీని సంగతి ఊరంతా చెప్పుకోవచ్చు."

"అబ్బ, ఏం బుర్ర అన్నయ్యా నీది!" అని సింగరయ్య ఆనందం పట్టలేక అరిచాడు. అలవాటైపోయింది.

వజ్రమ్మ ధర్మం తప్పే మనిషి కాదు. దొరికిన గుప్పెడు గడ్డిని రెండు పాళ్ళు చేసింది. సగం చుక్కి ముందు వేసింది, సగం పక్కన ఖాళీగా ఉన్న చోట వేసింది. చుక్కి ఆ సగం కూడా తినబోతే, "సిగ్గులేదుటే, దాని నోటి దగ్గరది లాక్కుంటావు!" అని మూతి మీద ఒక్కటి వేసింది.

తెల్లారేసరికి భుజంగరావు మళ్ళీ దిగాడు. "ప్రయోగం గెలిచింది. రహస్యం బయటపడలేదు. అందుకని గేదెని మేం లాబుకి తోలుకుపోతున్నాం" అన్నాడు.

"బయటపడకపోతే మాదేనని మాటిచ్చారు కదయ్యా!"

"ఆ మాట కూడా రహస్యమే. ఇవ్వలేదనే అనుకోండి."

వజ్రమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. బసవపున్నయ్య మాత్రం లోలోపల నవ్వుకున్నాడు. దాచిన పలుపు తాడు తెచ్చి, ఒక కొస చావిట్లో ఖాళీ చోటున వదిలి, రెండో కొస భుజంగరావు చేతిలో పెట్టాడు. "తోలుకెళ్ళండి బాబయ్యా. మీ గేదె అదిగో. ఈ పక్కన ఉన్నది మాత్రం మేం కొనుక్కున్నది, పేరిరెడ్డిని అడగండి."

భుజంగరావు ఖాళీ చోటు వంక చూశాడు. ఏమీ కనపడలేదు. గోడ మీద డబ్బా వంక చూశాడు. సింగరయ్య పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ఎర్రదీపం ధగధగ వెలుగుతోంది. కంటిని నమ్మాలా, కంప్యూటరుని నమ్మాలా? అంత చదువు చదివినవాడు, కంటిని నమ్ముతాడా? "ఆఁ, ఉంది ఉంది. ఆకలి మీద ఉంది" అని ఖాళీ తాడు పట్టుకుని, "హేయ్, హేయ్" అంటూ బయల్దేరాడు.

చుక్కి దక్కింది! వజ్రమ్మ దాని మెడ కావలించుకుంది. సింగరయ్య గంతులేశాడు. బసవపున్నయ్య గుమ్మంలో నిలబడి, దుమ్ములో ఈడ్చుకుపోతున్న ఆ తాడు కొస వంకే చూస్తున్నాడు. చూసి చూసి అతని మనసు కరిగిపోయింది.

"వజ్రా, అది ఒంటరిగా పోతోందే."

"పాపం, ఇన్నాళ్ళు మన చావిట్లోనే ఉంది" అంది వజ్రమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"కొత్త చోటు. చుట్టూ గోడలు. బెంగ పెట్టుకుని మేత మానేస్తుందేమో అన్నయ్యా!"

అంతే. బసవపున్నయ్య చుక్కిని తోలుకుంటూ వీధి వెంట పరిగెత్తాడు. "సారూ, ఆగండి! మీ గేదెకి తోడుగా దీన్ని కూడా తీసుకుపోండి!" భుజంగరావు కాదంటాడా? ఒక చేత్తో తాడు, ఒక చేత్తో చుక్కి కొమ్ము పట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక్క గేదెని తమ యంత్రం రెండు గేదెలు చేసిందని లాబులో ఆ రోజు స్వీట్లు పంచుకున్నారట, తలుపులన్నీ మూసుకుని.

పేరిరెడ్డి ఆ దారినే వస్తూ, ఖాళీ చావిడి చూసి ఆగాడు. "ఏం బసవా, నిన్న కొన్న గేదె ఏది?"

బసవపున్నయ్య చప్పున తమ్ముడి నోరు మూశాడు. అటూ ఇటూ చూసి, మీసం దువ్వుకుని చెప్పాడు.

"ఏ గేదె? మొన్నటిదాకా మాకు ఒక్క గేదే లేదు పేరిరెడ్డీ. సర్కారు వారి దయవల్ల ఇప్పుడు రెండు లేవు!"