తోలు వదులుకున్న మిరియం

ఒకప్పుడు మిరియాలన్నీ నలుపే. పచ్చిగా కోసినా, ఎర్రగా పండాక కోసినా, చాప మీద పడి ఎండాయంటే అన్నిటికీ ఒకటే రంగు, ఒకటే ముడతలు.

ఆ రోజుల్లో ధవళవర్మ అని ఓ రాజుండేవాడు. ఆయనకి తెలుపు పిచ్చి. కోట తెలుపు, గుర్రం తెలుపు, తిండి తెలుపు. వంకాయని కోట గుమ్మం తొక్కనివ్వలేదంటే చూసుకోండి! మరి ఆయన మొహం ఏ రంగంటారా? ష్! అది అక్కడెవరూ అడగరు. అద్దాలన్నిటికీ సున్నం కొట్టించేశాడు.

ఒకరోజు రాజుగారికి జలుబు చేసింది. వంటాయన సింహాచలం వేడి పాలల్లో మిరియాల పొడి కలిపి ఇచ్చాడు.

"ఛీ ఛీ! పాలల్లో ఈ నల్లమచ్చలేంటయ్యా? కారం తగలాలి, నలుపు కనబడకూడదు. పదిరోజులు గడువిస్తున్నా. చేతకాకపోతే తట్టాబుట్టా సర్దుకో!" అన్నాడు రాజు.

సింహాచలం లబోదిబోమంటూ కొండెక్కి మిరియాల తీగ కింద కూలబడ్డాడు. ఆ తీగకి ఒకే గుత్తిలో అక్కాచెల్లెళ్ళిద్దరు ఎర్రగా పండి వేలాడుతున్నారు.

సంగతి వినగానే చెల్లి ఎగిరి గంతేసింది. "నేనొస్తా బాబాయ్! రాజుగారి పళ్ళెంలో కూర్చుంటా. అందరూ నన్నే చూడాలి! తెల్లబడాలంటే ఏం చెయ్యాలో చెప్పు."

"నాకేం తెలుసమ్మా?" అన్నాడు సింహాచలం.

కింద పారుతున్న గెడ్డ గలగలా నవ్వింది. "నాకు తెలుసు. గోనెసంచిలో కట్టి ఎనిమిది రోజులు నా నీళ్ళలో నానబెట్టు. తోలు కుళ్ళి ఊడిపోతుంది, లోపలుండేది తెల్లటి గింజే. కానీ పిల్లా, నీ ఘుమఘుమంతా ఆ తోలులోనే ఉంది. ఒకసారి నాతో కొట్టుకుపోయిందంటే మళ్ళీ తెచ్చివ్వలేను."

"వద్దే చెల్లీ! నాతో చాప మీదకి రా. ఎండలో హాయిగా ఎండుదాం," అని అక్క బతిమాలింది.

"నువ్వెళ్ళి నల్లబడు. నాకేం ఖర్మ!" అంది చెల్లి.

చెల్లి సంచిలో దూరింది. దాన్ని చూసి ఇంకో బుట్టెడు మిరియాలూ దూరాయి. ఎనిమిది రోజులు! ఎంత కంపు కొట్టిందంటే, చుట్టుపక్కల కప్పలన్నీ ఇళ్ళు మారాయి. చివరికి సింహాచలం ముక్కు మూసుకుని సంచి విప్పి, గింజల్ని రుద్ది, కడిగి ఆరబెట్టాడు. చెల్లి తెల్లగా నిగనిగలాడింది.

మర్నాడు కోటలో విందు. రాజుగారికింకా జలుబు వదల్లేదు. సింహాచలం ఆనపకాయకి పాలుపోసి కూర వండి, చెల్లిని పొడి కొట్టి పైన చల్లాడు. పొడైతేనేం, చెల్లి సంబరం అంతా ఇంతా కాదు.

రాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చుర్రుమంది. "ఆహా, కారం! మరి మిరియం ఏదయ్యా?" అని పళ్ళెంలోకి వంగి వెతికాడు. మంత్రీ వెతికాడు, సేనాపతీ వెతికాడు.

"ఇదుగో, ఇక్కడున్నా! నేనే!" అని చెల్లి గొంతు చించుకుంది. కూర తెలుపు, చెల్లి తెలుపు. ఎవరికి కనబడుతుంది?

"భేష్! అసలు లేనట్టే ఉంది! రేపట్నుంచి ఇదే వెయ్యి," అని రాజు సింహాచలం చేతికి బంగారు కంకణం తొడిగాడు.

అంతలో నౌకర్ల వంటపాకలోంచి గుప్పున వాసనొచ్చింది. చాప మీద నల్లగా ఎండి అక్కడికి చేరిన అక్కని దంచి చారు పెడుతున్నారు. రాజుగారి మూసుకుపోయిన ముక్కు కూడా ఠక్కున తెరుచుకుంది. పళ్ళెం వదిలేసి ఒకటే పరుగు!

"నల్లగా ఉంటుంది ప్రభూ," అన్నారు నౌకర్లు భయపడుతూ.

"కళ్ళు మూసుకుంటాలే, పొయ్యండి!" అన్నాడు రాజు.

పళ్ళెంలో చెల్లి ఒక్కతే మిగిలింది. "అక్కా, నా తోలేదే?" అని భోరున ఏడ్చింది. ఆ ఏడుపూ ఎవరి కంటా పడలేదు.

అప్పటినుంచే తెల్ల మిరియానికి కారం ఉన్నా ఘుమఘుమ తగ్గింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, ఆ గోనెసంచి వాసన ఇప్పటికీ కాస్త తగులుతుంది. తెల్లటి సూపుల్లో, తెల్లటి కూరల్లో దాన్ని ఏరికోరి వేస్తారు. ఎందుకంటారా? అక్కడుంటే అది ఎవరికీ కనబడదని!