తొలినీళ్ల కోనలో అమ్మవారు వెనక్కి తిరిగిన కథ

తూర్పు కనుమల్లో ఘాట్ రోడ్డు దిగి, కాఫీ తోటలు దాటి వస్తే మా తొలినీళ్ల కోన కనిపిస్తుంది. చుట్టూ కొండలు, నడుమ గెడ్డ అని మేము పిలిచే కొండవాగు, గెడ్డ ఒడ్డున రాళ్ల మధ్య నుంచి పొగలు కక్కుతూ ఉడుకు నీటి ఊటలు. ఎగువన శివాలయం, దిగువన ఆంజనేయస్వామి గుడి ఉన్నాయి. వాటి నడుమ ఊటలకు వీపు చేసి, తూర్పు వాకిలితో ఉన్నది కోనతల్లి గుడి. మంచు పట్టే నెలల్లో పొద్దున్నే ఆవిరీ మంచూ కలిసిపోయి, ఎదుటి మనిషి కూడా కనబడడు. ఆ చలిలో ఊట నీళ్లు ఒంటిమీద పోసుకున్నవాడు మళ్లీ రాకుండా ఉండలేడు. గుడ్లు తెచ్చి ఊటలో ఉడకబెట్టవద్దని బోర్డు రాయించాం. ఆ బోర్డుకు ఆనుకుని నిలబడి ఉడకబెట్టే మహానుభావులు ఇంకా వస్తూనే ఉన్నారు. వాళ్లనూ తల్లి చల్లగానే చూస్తోంది, నేనే చూడలేకపోతున్నాను.

కోనతల్లి గుడిలో అడుగుపెట్టిన కొత్తవారు కంగారు పడతారు. అమ్మవారి ముఖం వాకిలి వైపు ఉండదు. ముందుగా కనిపించేది ఆమె జడ. జడకు దణ్ణం పెట్టి, గుడి చుట్టూ తిరిగి పడమటి గోడకున్న కిటికీ దగ్గరికి వెళితేనే ముఖదర్శనం. ‘విగ్రహం తప్పుగా పెట్టారేమిటండీ’ అని అడిగేవారు రోజూ ఉంటారు. తప్పు కాదు నాయనా, కూర్చోండి, చెబుతాను.

పూర్వం ఇక్కడ ఊటలు లేవు. గెడ్డ ఉంది, గొర్రెల మందలున్నాయి, మందలు కాచుకునే వాళ్ల గుడిసెలున్నాయి. కోనతల్లికి అప్పట్లో తాటాకు పందిరే గుడి, కామయ్య అనే కాపరి పూజారి. అమ్మవారు తూర్పుముఖంగానే ఉండేది. ఏటా పుష్యమాసంలో జాతర చేసేవారు. జాతరనాడు తెల్లవారకముందే ఊళ్లో అన్ని పొయ్యిలూ ఆర్పేయాలి. నిప్పు పందిరి ముందు మాత్రమే ఉండాలి. ఆ నిప్పు మీద కొత్త కుండలో నీళ్లు కాచి అమ్మవారికి తలంటి పోసేవారు. ఆ తరవాతే ఆ నిప్పు తెచ్చుకుని ఎవరి పొయ్యి వారు రాజేసుకునేవారు. కొండ చలికి తల్లి వణికిపోతుందని వాళ్ల నమ్మకం. పిచ్చి ప్రేమ. ప్రేమకు తర్కమేముంది?

ఆ ఊళ్లో అసిరమ్మ అనే ముసలామె ఉండేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆమె కోడలు చిన్నాలుకు అంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. మూడోసారి నిండు నెలలు. కొడుకు మందతో అవతలి కొండకు పోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం పురుడు ఊళ్లో పోయకూడదు కనుక, పందిరికి వెనకపక్క గెడ్డ ఒడ్డున పురిటిపాక కట్టారు. ఆ పాక మీద గడ్డి కప్పింది కామయ్యే. ఆ సంగతి మరవకండి, అతను చెడ్డవాడు కాడు.

సరిగ్గా జాతరనాడు, ముసురు పట్టి ఈదరగాలి కొడుతున్న వేళ చిన్నాలు ప్రసవించింది. ఆడపిల్ల. ఊపిరి ఉంది కానీ ఏడవలేదు. ఒళ్లు మంచుముద్దలా చల్లబడి, పెదవులు నల్లబడుతున్నాయి. అసిరమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి తల్లి గుండెలకు ఆనించి, వేడినీళ్ల కోసం పరుగెత్తింది. ఏ పొయ్యిలోనూ నిప్పు లేదు. పందిరి ముందు మాత్రం కుండలో నీళ్లు సలసల కాగుతున్నాయి.

“మరిదీ, ఒక ముంతెడు నీళ్లు పొయ్యి. బిడ్డ ఏడవడం లేదు” అన్నది.

“పురిటి మైలతో ఇంత దాకా వచ్చావేటి వదినా?” అన్నాడు కామయ్య. “తొలి నీళ్లు అమ్మవి. ముహూర్తానికి ఇంకొంచెం సేపే ఉంది. తల్లికి తలంటి పోసిన ఎంటనే నీకే ఇస్తాను.”

“అంత సేపు ఆ పసిది ఆగదు.”

“అమ్మకి చలేస్తాది వదినా. మందలకి ముప్పొస్తే ఎవలు దిక్కు?”

అసిరమ్మ పందిరిలోకి చూసి, “నువ్వు ఆడదానివి కదా తల్లీ, నీకైనా తెలీదా?” అన్నది. చీర చెంగు చేతులకు చుట్టుకుని, కాగే కుండను పొయ్యి మీది నుంచి ఎత్తి పట్టుకుని గెడ్డ వైపు నడిచింది. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తేరుకున్నాక కర్రలు పట్టుకుని వెంటపడ్డారు.

పాక ఇంకో నాలుగు అడుగులుందనగా తడిసిన బండ మీద అసిరమ్మ కాలు జారింది. కుండ పగిలి నీళ్లన్నీ రాళ్ల సందుల్లోకి ఇంకిపోయాయి. ఆమె అక్కడే చతికిలబడి, చేతులు కాలిన సంగతి కూడా మరిచి బావురుమన్నది. ఊరి ఆచారం చెడగొట్టింది, బిడ్డకు చుక్క నీళ్లు దక్కలేదు.

పాక గుమ్మంలో ఉన్న చిన్నాలు నీరసంగా పిలిచింది. “అత్తా, ఆవిరి ఆగలేదు చూడు.”

నీళ్లు ఇంకిన చోట నుంచి ఆవిరి పైకి వస్తూనే ఉంది. వాన పడుతున్నా తగ్గడం లేదు. అసిరమ్మ రెండు రాళ్లు పక్కకు నెట్టింది. కింద నుంచి నీళ్లు బుడబుడమని ఉబికాయి. వేలు పెడితే చుర్రుమంది. మిగిలిన కుండపెంకులో ఆ నీళ్లు పట్టి, గెడ్డ నీళ్లు కలిపి గోరువెచ్చన చేసి, బిడ్డను కాళ్ల మీద వేసుకుని పోయసాగింది. వీపు రుద్దింది, అరికాళ్లు రుద్దింది, ముక్కు పిండింది. కర్రలతో వచ్చినవారు అక్కడికి చేరేసరికి పిల్ల కెవ్వుమన్నది. ఆ కేక విన్నాక ఎవరికీ కర్ర ఎత్తబుద్ధి కాలేదు. చిన్నాలు ఏడుస్తూ నవ్వింది.

కామయ్య మాత్రం భయంతో పందిరికి తిరిగి వెళ్లాడు. చూస్తే అమ్మవారు వీపు చూపిస్తూ ఉంది. విగ్రహం పడమటికి తిరిగిపోయింది. మనుషుల్ని పిలిచి దుంగలు పెట్టి నెట్టించినా కదలలేదు. తల్లికి కోపం వచ్చింది, మా మొహం చూడనంటోంది అని అతను పందిరి గుంజకు చేరగిలబడి తిండి మానేశాడు. మధ్యాహ్నం అలాగే కన్ను మూతపడితే అమ్మవారు కలలో కనిపించింది.

“కోపం లేదు, గీపం లేదు. లేచి అన్నం తిను. పిల్ల కనిపించడం లేదని ఇటు తిరిగానురా” అన్నది. “నేను రాయిని. నాకు చలి వేస్తుందని నీతో ఎవరు చెప్పారు? తొలి నీళ్లు పసిబిడ్డకు పొయ్యి. దాని ఏడుపు నా చెవిన పడ్డాకే నాకు పొయ్యి.”

కామయ్య లేచాడు. మైల అని చూడకుండా స్వయంగా ఊట నీళ్లు తోడి, పురిటిపాక గుమ్మం దాకా మోసుకెళ్లాడు. “వదినా, నీళ్లు” అన్నాడు. అసిరమ్మ బొబ్బలెక్కిన చేతులతోనే అందుకున్నది. ఆ పిల్లకు కోనమ్మ అని పేరు పెట్టారు. ఈ కోనకు తొలినీళ్ల కోన అని పేరు వచ్చింది. తరవాతి కాలంలో రాతిగుడి కట్టినవారు అమ్మవారిని కదపకుండా పడమటి గోడకు కిటికీ విడిచారు.

ఈనాటికీ పద్ధతి అదే. ఉదయం పూజారి ఊటలో తొలి బిందె ముంచి గెడ్డ నీళ్లు కలుపుతాడు. ఆ రోజు కోనలో ఉన్నవాళ్లలో అందరికన్నా చిన్న బిడ్డకు, అది ఎవరి బిడ్డయినా సరే, కిటికీ కింద బండ మీద స్నానం చేయిస్తారు. పిల్లలు లేని స్త్రీలు వస్తే వారి కాళ్ల మీదే బిడ్డను పడుకోబెడతారు. కడుపు పండిందని మళ్లీ వచ్చి చెప్పినవారు ఎందరో ఉన్నారు. పండకపోయినా ఏటా వచ్చి ఆ బండ మీద కూర్చునేవారూ ఉన్నారు. వారంటే నాకు మరీ ఇష్టం.

దారులు తెగిన వానాకాలంలో బిడ్డ దొరకక మిట్టమధ్యాహ్నం దాకా అభిషేకం ఆగిన రోజులున్నాయి. ఎంతటి పెద్దలు వచ్చినా ఆగవలసిందే. కాబట్టి చంటిపిల్లలతో వచ్చే తల్లులకు ఒక మనవి. మిగతా గుళ్లలో పిల్ల ఏడిస్తే అందరూ మీ వంక చూస్తారు, మీరు సిగ్గుపడి బయటికి తీసుకుపోతారు. ఇక్కడ ఆ పని చేయకండి. నోరు మూయకండి, పాలసీసా పెట్టకండి, కాసేపు ఏడవనివ్వండి. కిటికీ అవతల మా అమ్మ ఇంకా స్నానం చేయకుండా మీ బిడ్డ గొంతు కోసమే కూర్చుని ఉంది.