మాణిక్యాంబ ఇచ్చిన ఊదా కొమ్మలు

అనగా అనగా, ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే కాలంలో, సముద్రం ఒడ్డున గవ్వలరేవు అనే ఊరుండేది. మిగతా ఊళ్ళవాళ్ళు పెరట్లో పూలమొక్కలు పెంచుకుంటే, ఆ ఊరివాళ్ళు నట్టింట్లో గాజుతొట్టి పెట్టుకుని పగడాలు పెంచుకునేవారు. కలిగినవాళ్ళ తొట్టి మంచమంత ఉండేది, లేనివాళ్ళది బిందె అంత. పగడం లేని ఇల్లు మాత్రం ఉండేది కాదు.

నగల్లో గుచ్చే ఎర్ర పగడం కాదు పిల్లలూ, ప్రాణమున్న పగడం. దూరం నుంచి చూస్తే రాతికొమ్మలాగే ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కొమ్మ నిండా సన్నని నోళ్ళు తెరుచుకుని నీళ్ళలో ఊగుతుంటాయి. దానికి ఎండ కావాలి కాబట్టి తొట్టికి సరిగ్గా పైన, ఇంటికప్పులో ఒక గాజుపలక బిగించేవారు. నీళ్ళు కదులుతూ ఉండాలి కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు గాలి ఊదే తోలుతిత్తి తొక్కుతూ ఉండేవారు. లోపలి ఎముక గట్టిపడాలంటే సున్నపుతేట, అంటే సున్నం కలిపి తేర్చిన నీళ్ళు, కావాలి. తొట్టిమీద చిన్న కుండ వేలాడదీసి, దాని అడుగున చిల్లి పెట్టి, చిల్లిలో నూలు ఒత్తి దూర్చి, తేట చుక్కచుక్కగా పడేటట్టు చూసేవారు. ఆ ఒత్తి జోలికి ఎవరూ పోయేవారు కాదు. తేట ధారగా పడిందంటే తొట్టిలో ఒక్క ప్రాణి కూడా మిగలదు.

పగడాన్ని కొమ్మ కోసి పెంచుతారు. వేలెడంత ముక్క కత్తిరించి, కరిగించిన గుగ్గిలంతో రాతిబిళ్ళకు అంటించి, కొన్నాళ్ళు తొట్టి అడుగున నీడలో ఉంచి, ఆ తర్వాత మెల్లగా ఎండకు జరపాలి. కోసిన కొమ్మ బెంగపడి రంగు పోగొట్టుకుంటుంది, మట్టిరంగుకు తిరుగుతుంది. కొత్త నీళ్ళకు అలవాటు పడ్డాక పాత రంగు మళ్ళీ వస్తుంది. ఈ సంగతి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కొమ్మ కావాలని అడిగినవాళ్ళకు లేదనకూడదు. అది గవ్వలరేవు కట్టుబాటు. ఎవరి తొట్టిలో నీళ్ళు ఎప్పుడు పాడవుతాయో ఎవరు చెప్పగలరు? ఒక ఇంట్లో పగడం చచ్చిపోయిందని తెలిస్తే, ఆ ఇంటినుంచి కొమ్మ తీసుకున్నవాళ్ళందరూ తలా ఒక ముక్క పట్టుకొచ్చి, "మీ కొమ్మ మీకే" అని చేతిలో పెట్టి వెళ్ళేవారు.

ఆ ఊళ్ళో మాణిక్యాంబ అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త భద్రయ్య ఓడ నడిపే సరంగు. ఆఖరిసారి ఓడమీద వెళ్ళి వచ్చినప్పుడు, పేరు తెలియని ఏదో దీవి దగ్గరనుంచి ఒక ఊదారంగు పగడం తెచ్చాడు. అలాంటి రంగు ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఆ దీవి ఎటువైపు ఉందో ఎవరికీ చెప్పకుండానే ఆ వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. మాణిక్యాంబకు పిల్లలు లేరు. రోజూ పొద్దున్నే లేచి తొట్టి ముందు కూర్చుని, మొగుడితో మాట్లాడినట్టే ఆ పగడంతో మాట్లాడేది. దానిమీద కత్తెర పెట్టాలంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. ఆ బాధ నిజమైనదే, నేను కాదనను. ఆ బాధ తప్పించుకోవడానికి ఆమె పన్నిన ఉపాయమే బాగాలేదు.

మొదట తోటికోడలు తాయారమ్మ వచ్చింది. భద్రయ్య తమ్ముడి భార్య. బావగారు తెచ్చిన పగడానిది తమ ఇంట్లో కూడా ఒక కొమ్మ ఉంటే బాగుంటుందని అడిగింది. లేదనడానికి కట్టుబాటు ఒప్పుకోదు. రేపు రమ్మని పంపేసి మాణిక్యాంబ తొట్టి చుట్టూ తిరిగింది. తొట్టి మూలన మామూలు మట్టిరంగు పగడం ఒకటి ఉంది, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండేదే. కొమ్మ తీరు చూస్తే రెంటికీ తేడా లేదు, రంగే వేరు. మాణిక్యాంబ దానిలోంచి ఒక కొమ్మ కోసింది. మర్నాడు తాయారమ్మ చేతిలో పెడుతూ కళ్ళు పక్కకు తిప్పుకుంది.

"కోసినందుకు రంగు పోయింది తాయారూ. నిదానంగా అదే వస్తుందిలే" అంది.

తర్వాత నగరశెట్టి అడిగాడు. ఆయనకూ ఆ మట్టిరంగు కొమ్మే ఇచ్చింది. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. ఆపైన సాక్షాత్తూ రాణిగారే కబురు పంపారు. మాణిక్యాంబ మట్టిరంగు కొమ్మను వెండి చెంబులో పెట్టి, మీద పట్టుగుడ్డ కప్పి మరీ పంపింది. అబద్ధానికి అలంకారం కూడా నేర్చిందన్నమాట.

ఏడాది గడిచింది. ముగ్గురి ఇళ్ళలోనూ కొమ్మ పెరిగింది గానీ ఊదారంగు రాలేదు. ఎలా వస్తుంది? శెట్టి వచ్చి విచారపడితే, మీ తొట్టికి ఎండ చాలడంలేదేమో అంది మాణిక్యాంబ. రాణిగారు కబురు చేస్తే, నీళ్ళు ఇంకాస్త ఒడ్డుకు దూరంగా వెళ్ళి తెప్పించమని చెప్పి పంపింది. పాపం శెట్టి ఇంటికప్పు విప్పించి పెద్ద గాజుపలక వేయించాడు. రాణిగారు పడవలు పంపి నడిసముద్రం నీళ్ళు తెప్పించారు. తాయారమ్మ ఒక్కతే మళ్ళీ ఏమీ అడగలేదు.

ఇలా ఉండగా, వానలు వెలిశాక రాజుగారు ఇల్లిల్లూ తిరిగి పగడాలు చూస్తారని ఊళ్ళో చాటింపు వేశారు. మాణిక్యాంబకు ఆశ పుట్టింది. రాజుగారు వచ్చేసరికి తన ఊదా పగడం నీటి అంచును తాకేటంత ఎదగాలనుకుంది. కాస్త ఎక్కువ తేట పడితే తొందరగా ఎదుగుతుంది కదా అని ఒత్తిలోంచి ఒక పోగు లాగింది. మర్నాడు ఇంకొకటి లాగింది. ఆ మర్నాడు మరొకటి లాగి, నీళ్ళు తెప్పించడానికి రేవుకు వెళ్ళింది. పలచబడ్డ ఒత్తి జారి తొట్టిలో పడింది. కుండలో తేటంతా దానివెంటే దిగిపోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి తొట్టి నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. చెయ్యి పెట్టి తడిమితే ఊదా పగడం చర్మం వేళ్ళకు జిగురుగా ఊడి వచ్చింది. కింద తెల్లటి ఎముక మిగిలింది. మూలనున్న మట్టిరంగుదీ అంతే. మాణిక్యాంబ అక్కడే నేలమీద కూలబడి, భర్త పోయిననాడు ఏడ్చినట్టే ఏడ్చింది. ఆయన గుర్తుగా మిగిలినది అదొక్కటే. దాన్ని తన చేత్తోనే చంపుకుంది.

ఇలాంటి కబురు ఊళ్ళో ఎంతసేపు దాగుతుంది? కట్టుబాటు ప్రకారం ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు.

ముందు రాణిగారి పల్లకి వచ్చింది. రాణిగారు స్వయంగా దిగి, అరచెయ్యి అంత ఎదిగిన కొమ్మ మాణిక్యాంబ చేతికిచ్చారు. "నీ కొమ్మ నీకే మాణిక్యాంబా. రంగు తెప్పించలేకపోయాను, నా పెంపకంలోనే ఏదో లోపముంది. నీ చేతిలో వస్తుందేమో చూడు" అన్నారు. మాణిక్యాంబ తలవంచుకుని పుచ్చుకుంది. రాణిగారు దుఃఖం వల్ల అనుకున్నారు.

తర్వాత శెట్టి వచ్చాడు. ఇంటికప్పు విప్పించినా లాభం లేకపోయిందని నొచ్చుకున్నాడు. ఇంత గొప్ప పగడాన్ని తన ఇంట్లో మట్టిరంగుకు దించినందుకు ఆమెనే క్షమించమని అడిగాడు. ఆ కొమ్మ కూడా పుచ్చుకుంది. తప్పు చేసింది తనైతే, క్షమించమని వాళ్ళు అడుగుతున్నారు. అంతకంటే నలుగురిలో నిలబెట్టి తిట్టి ఉంటే నయమనిపించింది ఆమెకు.

అందరూ వెళ్ళాక తాయారమ్మ వచ్చింది. ఆమె తెచ్చిన కొమ్మ మిగతా రెంటికన్నా ఏపుగా ఉంది. మాణిక్యాంబ ఇక చెయ్యి చాచలేకపోయింది.

"వద్దు తాయారూ. నేను నీకిచ్చింది మీ బావగారిది కాదు. మూలనున్న మట్టిరంగుది కోసి ఇచ్చాను" అంది.

"తెలుసక్కా" అంది తాయారమ్మ. "రెండు నెలల్లోనే తెలిసింది. అయినా ప్రాణమున్నదాన్ని చేతికిచ్చావు, పెంచాను."

"తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు?"

"నీకు కొయ్యడానికి చేతులు రాలేదని నాకు అర్థమైంది. ఆ మాట నాతో చెప్పి ఉంటే ఇద్దరం పక్కపక్కన కూర్చుని కోసేవాళ్ళం. బావగారి పగడం ఈపాటికి మా ఇంట్లో బతికి ఉండేది. ఇవాళ నీకు తెచ్చిచ్చేదాన్ని."

ఈ మాట తాయారమ్మ కోపంగా అనలేదు, కొమ్మను ఆమె చేతిలో పెడుతూ అంది. అందుకే మాణిక్యాంబకు అది మరీ లోతుగా తగిలింది.

మర్నాడు మాణిక్యాంబ కోటకు వెళ్ళి రాణిగారికీ, ఆ దారినే శెట్టికీ నిజం చెప్పింది. వాళ్ళు ఇన్నాళ్ళూ తమను తాము నిందించుకున్నారు, ఇక ఆ బాధ తీరింది. వాళ్ళకు కోపం వచ్చిందా అంటే వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? అయినా ఇచ్చిన కొమ్మలు తిరిగి తీసుకోలేదు. రాజుగారు ఇల్లిల్లూ తిరిగినప్పుడు తాయారమ్మ ఇంట్లో ఆమె పెంచిన మట్టిరంగు పగడం ముందు చాలాసేపు నిలబడి, పెంపకమంటే ఇదని మెచ్చుకున్నారు. ఆ ఏటినుంచి ఊళ్ళో ఎవరికి కొమ్మ కావాలన్నా తాయారమ్మ ఇంటికే వెళ్ళేవారు.

మాణిక్యాంబ తొట్టి కడిగి కొత్త నీళ్ళు పోసి, మూడు మట్టిరంగు కొమ్మలనూ జాగ్రత్తగా పెంచింది. అవి బాగానే ఎదిగాయి. ఊదారంగు మాత్రం గవ్వలరేవులో మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

కాబట్టి పిల్లలూ, మనం ఇతరులకు ఏది ఇస్తామో కష్టం వచ్చిన రోజున అదే మన ఇంటికి తిరిగి వస్తుంది, అందుకే పోగొట్టుకోలేనిది ఏదైనా ఉంటే ముందుగా దాన్నే పంచుకోవాలి.