ఏనుగుకి చోటు

చిత్రగిరి రాజు జగ్గభూపతికి మావగారు ఓ ఏనుగుని కానుకగా పంపించారు. అది ఘీంకరించిందంటే కోట బురుజు మీది చిలకలన్నీ లేచిపోవాల్సిందే. రాజుకి తెగ ముద్దొచ్చేసింది. కానీ దాన్ని కట్టెయ్యడానికి చోటేదీ?

ఖర్చులు చూసే మంత్రి దండపాణి మీసం దువ్వుకుంటూ లేచాడు.

"సంతవీధిలో ధర్మాసుపత్రి ఉంది కదా ప్రభూ! ఎత్తు కప్పు, వెనకాల బావి. ఏనుగు కోసమే కట్టినట్టుంటుంది. కషాయాలకీ కట్టుగుడ్డలకీ ఖజానా కరిగిపోతోంది. అసలు తమ ఏలుబడిలో జబ్బు పడ్డవాడెవడున్నాడని?"

రాజు గడ్డం గోక్కున్నాడు. ఆశ ఉన్నా మరీ చెడ్డవాడు కాదు.

"ఊరికే మూసేస్తే జనం తిట్టుకుంటారయ్యా. సభలో విచారణ పెట్టండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని రేపు పిలిపించండి, నేనే అడుగుతా. ఒక్కరు బాగోలేదన్నా ఆసుపత్రి ఉంటుంది. లేదా, గజశాల."

ఈ మాట వినగానే ఆస్థానంలో కబుర్లు చెప్పే గవరయ్య కబుర్లు ఆపేశాడు. అతని చెల్లెలు సూరమ్మ చలిజ్వరంతో ఆ ఆసుపత్రిలోనే ఉంది. పైగా ఆ సభకో ఆనవాయితీ ఉంది. రాజు "ఎలా ఉన్నావు" అంటే ఎవరైనా సరే "తమ చలవ వల్ల క్షేమం" అనే చెప్పాలి. రాజు ముందు జబ్బు మాట ఎత్తడం అశుభం. ఎత్తితే మెడపట్టి గెంటేస్తారు. రాజు పుట్టినప్పట్నించీ ఆ జవాబే వింటున్నాడు. అదే నిజమనుకుంటున్నాడు పాపం.

మర్నాడు సభ నిండిపోయింది. ముందు ఓ కుమ్మరిని తెచ్చారు. చెయ్యి విరిగి మెడకి వేలాడుతోంది.

"ఎలా ఉన్నావోయ్?" అన్నాడు రాజు.

"తమ చలవ వల్ల క్షేమం ప్రభూ."

తర్వాత ఓ ముసలాయన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. మంచం మీదనించే దణ్ణం పెట్టాడు.

"తమ చలవ... క్షేమం..."

ఆఖర్న సూరమ్మ. దుప్పటి కప్పుకుని గడగడా వణికిపోతోంది. రాజు జాలిగా చూశాడు.

"ఏమ్మా, వణుకుతున్నావేం?"

దండపాణి కళ్ళెర్రజేశాడు. సూరమ్మ అన్నకేసి ఓసారి చూసి తల దించుకుంది.

"తమ చలవ వల్ల క్షేమం మహారాజా."

"విన్నారా!" దండపాణి చేతులు చాపాడు. "మంచాల మీద పడుకుని ఉత్తినే కషాయం తాగుతున్నారు ప్రభూ. ముద్ర వేసెయ్యండి!"

అతను మాట్లాడుతుంటే పక్కనే నిలబడ్డ గవరయ్యకి లవంగం వాసన గుప్పుమంది. మంత్రి పొద్దున్నించీ తాంబూలం ముట్టలేదు. ఎడమ బుగ్గ చూస్తే బూరెలా ఉబ్బి ఉంది.

గవరయ్య ముందుకొచ్చాడు.

"మంత్రిగారు చెప్పింది నిజం ప్రభూ. ముద్ర వెయ్యండి."

సూరమ్మ బిత్తరపోయి అన్నని చూసింది. ఆసుపత్రి మూసెయ్యమన్న ఆజ్ఞ మీద రాజు ముద్ర వేశాడు. ఆసుపత్రి వైద్యుణ్ణి తక్షణం ఊళ్ళోంచి పంపెయ్యడానికి భటుడు పరిగెత్తాడు.

"మరి ఇంత ఆరోగ్యమైన రాజ్యానికి సంబరం చెయ్యొద్దా?" అన్నాడు గవరయ్య. "ఇదంతా మంత్రిగారి పుణ్యం. ఏనుగు కోసం చెరుకు గడలు దింపారు కదా! తమ చేత్తో ఓ ముక్క ఆయనకి బహూకరించండి."

"భేష్!" అంటూ రాజు లావుపాటి గడొకటి తెప్పించి అందించాడు.

దండపాణి మొహం పాలిపోయింది. "ఇంటికెళ్ళి తింటాను ప్రభూ..."

"అయ్యో, రాజుగారి చేతి కానుక పక్కన పెడతారా? అందరం చూస్తున్నాం, కొరకండి!" అన్నాడు గవరయ్య.

రాజు నవ్వుతూ చూస్తున్నాడు. తప్పేదేముంది? దండపాణి కళ్ళు మూసుకుని కుడివైపు కొరికాడు. గడ గట్టిది, జారి ఎడమవైపు పన్నుకి తగిలింది.

"చచ్చాన్రోయ్!"

ఆ కేకకి బయట ఏనుగు కూడా ఘీంకరించింది. మంత్రి బుగ్గ పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు.

"వైద్యుణ్ణి పిలవండి!" రాజు సింహాసనం దిగొచ్చాడు.

"వైద్యుడెక్కడ ప్రభూ? ఇప్పుడే పంపించేశారుగా! అయినా వైద్యుడెందుకు? ముందు మంత్రిగారిని తమరే అడగండి, ఎలా ఉన్నారో" అన్నాడు గవరయ్య.

రాజు వంగాడు. "దండపాణీ, ఎలా ఉందయ్యా?"

సభంతా చెవులు రిక్కించింది. ఆ ఆనవాయితీ తప్పినవాళ్ళని గెంటించేది దండపాణే. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"త... తమ చలవ వల్ల... అమ్మో... క్షేమం ప్రభూ!"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"పొద్దున్నించీ తమరు విన్న క్షేమాలన్నీ ఇలాంటివే ప్రభూ!"

రాజు మంత్రిని చూశాడు, కుమ్మరి చేతిని చూశాడు, సూరమ్మ దుప్పటిని చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. సభంతా గొల్లుమంది. మంచం మీది ముసలాయన కూడా లేచి కూర్చుని నవ్వాడు.

రాజు ముద్ర వేసిన ఆజ్ఞని పర్రున చించేశాడు. వైద్యుణ్ణి వెనక్కి తెమ్మని గుర్రం పంపాడు. సూరమ్మ దగ్గరికెళ్ళి, "ఇప్పుడు చెప్పమ్మా, ఏ భయమూ లేదు. ఎలా ఉంది?" అన్నాడు.

"చచ్చేంత చలిగా ఉంది మహారాజా!"

రాజు తన శాలువా తీసి ఆమెకి కప్పాడు. చేతి కంకణం తీసి గవరయ్యకి తొడిగాడు. అంతలోనే మొహం వేలాడేశాడు.

"మరి నా ఏనుగుని ఎక్కడ కట్టెయ్యనోయ్?"

"అదెంత పని ప్రభూ! మంత్రిగారి పెరడు చాలా పెద్దది. చెరుకంటారా, ఆయనెలాగూ తినలేరు."