శాస్త్రిగారి నోటి మాట

మేడిపాలెం రాజా సర్వేశ్వర భూపతి గారు ఆ పూట కొలువులో కూర్చుంటూనే ఒక మాట ప్రకటించారు.

"పొద్దు గూకేలోగా, పథ్యం చెడకుండా నా నాలుకకు కాస్త రుచి చూపించినవాడికి కోరింది ఇస్తాను."

రాజుగారి అవస్థ అందరికీ తెలిసిందే. మామిడికాయలు దిగింది మొదలు పూటకో గిన్నెడు కొత్తావకాయ లాగించి, కడుపులో మంట కొనితెచ్చుకున్నారాయన. ఆస్థాన వైద్యుడు సోమేశ్వర శాస్త్రి పథ్యం పెట్టాడు. అప్పటినుంచీ చప్పటి బీరకాయ, పెసరకట్టు, మజ్జిగ తేట. మర్నాడు మళ్లీ అవే. రాజుగారు కంచం ముందు కూర్చునే తీరు చూస్తే పగవాడికైనా జాలి వేస్తుంది.

శాస్త్రి మంచి వైద్యుడే. కాకపోతే ఆయన హస్తవాసి కన్నా, దాని మీద ఆయనకున్న నమ్మకం బాగా ఎక్కువ. పథ్యానికి ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. తన నోట ఏ వంటకం పేరు వస్తే అదే రాజుగారి కంచంలోకి రావాలి, ఇంకేదీ రాకూడదు. రాజుగారు సరేనని కొలువువారందరి ఎదుటా చేతిలో చెయ్యి వేశారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాసన తగిలినా పథ్యం చెడుతుందని, కోటలోని పచ్చళ్ల జాడీలన్నీ ఇవాళ సాయంత్రానికల్లా ఏట్లో పారబోయించమన్నాడు శాస్త్రి. అక్కడే రాజుగారి ప్రాణం ఉసూరుమంది. ఆ జాడీల్లో ఒకటి ఆయన తల్లి, పెద్దరాణిగారు, తన చేత్తో పెట్టినది. ఆవిడ పోయాక మిగిలింది అదొక్కటే. ఇచ్చిన మాట తప్పలేరు, అమ్మ జాడీని ఏటిపాలు చెయ్యలేరు. అందుకే ఆ ప్రకటన.

అప్పుడు అడపం తిప్పన్న ముందుకొచ్చాడు. రాజుగారి పక్కన నిలబడి తాంబూలం అందించడం అతని కొలువు. ఆకుల కన్నా మాటలు బాగా చుడతాడని కోటలో పేరు.

"శాస్త్రిగారూ, నాదో అనుమానం. ఆ జాడీల్లోవి ఊరినవి కాబట్టి పనికిరావంటారు. మరి తమరిచ్చే ద్రాక్షారిష్టం కుండలో నెల్లాళ్లు పులిసిందే కదండీ?"

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. శాస్త్రి ఉత్తరీయం సర్దుకున్నాడు.

"ఊరిందా, పులిసిందా అని కాదయ్యా చూడాల్సింది. నా నోట పేరు వచ్చిందా, అది పథ్యం. రాలేదా, అమృతమైనా విషమే."

"అంతేనంటారా?"

"అంతే. సభంతా సాక్ష్యం."

తిప్పన్న ఓడిపోయినవాడిలా తల ఊపి, రాజుగారి వైపు తిరిగాడు.

"అయితే ఆ సంగతి వదిలేద్దాం ప్రభూ. కాశీ నుంచి ఒక వైద్యుడొచ్చి మా వీధి సత్రంలో దిగాడు. ఆయన చెప్పే కొత్త సంగతులు వింటే మతిపోతోంది. శొంఠి తింటే అన్నం అరుగుతుందట."

శాస్త్రి పెదవి విరిచాడు. "అది మా వంటమనిషికీ తెలుసు."

"రాత్రిపూట పెందలాడే తింటే ఒంటికి మంచిదట."

"అరిగిపోయిన మాట."

రాజుగారు కొంచెం ముందుకు వంగారు. తిప్పన్న ఏం చేస్తున్నాడో ఆయనకు అంతుపట్టలేదు. ఏదో చేస్తున్నాడని మాత్రం తెలుసు.

"వేణ్ణీళ్లు తాగితే జలుబు వదులుతుందట ప్రభూ. ఇంత కొత్త వైద్యం మన కోటలో ఇన్నాళ్లూ ఎవరు చెప్పారు? పల్లకీ పంపి ఆయన్ను పిలిపిస్తే..."

పల్లకీ అనేసరికి శాస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమిటయ్యా కొత్త? ఒక్క ముక్కైనా కొత్తది ఉందా అందులో? అంతా పాత చింతకాయ పచ్చడి."

తిప్పన్న ఇంకేమీ వాదించలేదు. గుమ్మంలో నిలబడ్డ వంటవాళ్లను నెమ్మదిగా పిలిచాడు.

"శాస్త్రిగారి నోట వచ్చింది, విన్నారుగా. పెద్దరాణిగారి జాడీ దింపండి."

ఆ జాడీలో ఉన్నది పాత చింతకాయ పచ్చడే. ముందు రాజుగారు నవ్వారు, ఆ వెంటనే కొలువంతా నవ్వింది. శాస్త్రి ముఖం కందగడ్డ అయింది.

"అది నేను మాటవరసకు అన్నాను."

"మాటవరసకో, వంటవరసకో, పేరైతే వచ్చింది కదండీ. అయినా జ్వరం తగ్గినవాళ్లకీ, బాలింతలకీ మన ఇళ్లలో పెట్టేది అదే. పాతదైతే పథ్యమేనని తమకు తెలియకనా ఆ పేరెత్తారు?"

శాస్త్రి ఒక్క క్షణం ఆలోచించి, దొరికిన దారి పట్టుకున్నాడు.

"తెలిసే అన్నాను. గోరంతే సుమా. ఆవకాయ జోలికి పోతే మాత్రం నా పూచీ లేదు."

వేడన్నంలో గోరంత పచ్చడి కలిపి నోట పెట్టుకున్నారు రాజుగారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలారు.

"అమ్మ చేతి ఉప్పే," అన్నారు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "ఇక కోరుకోవోయ్ తిప్పన్నా. ముందు ఆ కాశీ వైద్యుడికి పల్లకీ పంపనా?"

"ఎందుకులెండి ప్రభూ, ఆయనింకా పుట్టలేదు. మిగిలిన జాడీలు ఏట్లో పోయించాలి కదా, ఆ బరువు నాకు అప్పగించండి చాలు."

"అదేం కోరికయ్యా?"

"ఏటికి పోయే దారి మా వంటింటి మీదుగానే ప్రభూ."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, జాడీలన్నీ అతనికే ఇప్పించారు. నవ్వులు కాస్త సద్దుమణిగాక శాస్త్రి తిప్పన్న పక్కకు జరిగి, ఎవరికీ వినపడదనుకుంటూ అడిగాడు.

"మా ఇల్లూ ఆ దారిలోనే కదయ్యా?"